గోడకేసి తిరిగి వినేవాళ్ళు

మా ఆయనది కాటాలు సరిచూసే పని. దుకాణాల్లో, గోదాముల్లో తూచే యంత్రాలు నిజం చెబుతున్నాయో బొంకుతున్నాయో తేల్చి, బొంకేవాటిని విప్పి బాగుచేస్తాడు. చెక్కపెట్టెలో ఇత్తడి తూకపు గుండ్లు వరసగా పేర్చుకుని బయల్దేరతాడు. గుండు కాటా మీద పెట్టాక ముల్లు వంక చూడడు, దుకాణదారు మొహం వంక చూస్తాడు. ముల్లుకంటే ముందు మొహమే కదులుతుందట. ఇన్నేళ్ళలో ఏ కాటానీ మొదటిచూపులో నమ్మిన పాపాన పోలేదు, మనుషుల్నీ అంతే. తెలిసినవాళ్ళంతా ఆయన్ని కాటా అనే పిలుస్తారు. నన్ను కాటాగారి ఆవిడ అంటారు, నాకు వేరే ఊరూ పేరూ లేనట్టు.

అనుమానంలో నేనూ తక్కువ తినలేదు. బట్టలు శుభ్రం చేసిచ్చే దుకాణంలో కౌంటరు దగ్గర నేనుంటాను. చొక్కా మీద మరక చూపించి టీ ఒలికిందంటారు. టీ ఒలికిన మరకకు అంచు ముదురుగా ఉంటుంది. అది టీ కాదని నాకూ తెలుసు, నాకు తెలిసిందని వాళ్ళకూ తెలుసు. అలాగేనండీ అని చీటీ కుట్టి లోపల పడేస్తాను. జేబులు వెతకడం కూడా మా పనిలో భాగమే. ఇలాంటి ఇద్దరు ఒక కప్పు కింద చేరితే సంసారం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. పాలప్యాకెట్టు మీద తేదీ కూడా ఆయన చూశాక నేను, నేను చూశాక మళ్ళీ ఆయన చూసేవాళ్ళం.

పెళ్ళైన కొత్తలో ఆయన గది సర్దుతూ అలమర తలుపు తీశాను. నిండా క్యాసెట్లు. వాటి అట్టల మీద పుర్రెలు, తెగిన చేతులు, బయటికొచ్చిన పేగులు, ముళ్ళకంపలా ఉండి ఏ భాషో తెలియని అక్షరాలు. చూసి చూసి ఎవరి పాలబడ్డానురా దేవుడా అనుకున్నాను. సాయంత్రం నిలదీస్తే ఆయన సిగ్గుపడుతూ ఒకటి తీసి పెట్టాడు. పక్కింట్లో ఎవరినో కోస్తున్నారనుకుని నేను గబగబా కిటికీ మూశాను. మూసి వెనక్కి తిరిగేసరికి పాట అయిపోయింది. ఇంకొకటి మొదలై అదీ అయిపోయింది. దీన్ని గ్రైండ్‌కోర్ అంటారని, తక్కినవి ఎక్స్‌ట్రీమ్ మెటల్ అనే అరుపుల రాక్ సంగీతంలో రకరకాల శాఖలని, ఇదంతా పైకి రాని సంగీతమని, రేడియోలో రాదని, దుకాణంలో దొరకదని, ఊళ్ళు తెలియని మనుషులు ఒకరికొకరు కాపీలు చేసి పోస్టులో పంపుకుంటారని చెప్పాడు. పైకి రాకుండా ఎందుకు దాక్కుంది, ఏం నేరం చేసింది అని అడిగాను.

నాకు ముందు అనుమానం మాటల మీదే. అర్థం కాకుండా అరుస్తున్నారంటే ఏదో దాస్తున్నారన్నమాటే. మా ఆయన స్నేహితుడొకరు బళ్ళో లెక్కల మాస్టారు. ఆయన్ని కూర్చోబెట్టి, క్యాసెట్లలో మడతపెట్టి ఉన్న, పాటల మాటలు అచ్చేసిన కాగితాలన్నీ చదివించాను. ఒక పాట యుద్ధాలు వద్దంటోంది. ఒకటి పశువులను కోసే ఫ్యాక్టరీల మీద. ఇంకొకటి కూలీల చేతులు నలిపేసిన యంత్రం గురించి. నాకు ఒళ్ళు మండింది. ఇంత మంచిమాట చెప్పడానికి అంత రాద్ధాంతం దేనికి అన్నాను. మెల్లగా చెప్పినప్పుడు ఎవరు విన్నారు అన్నాడు మా ఆయన. ఆయన గొంతులో ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే నాకు నవ్వొచ్చింది.

ఎందుకంటే ఆయన గొంతు అలాంటిది. పట్టుగుడ్డ మడతపెట్టినట్టు మాట్లాడేవాడు. ఫోనెత్తితే అవతలివాళ్ళు "అమ్మా, సార్ ఉన్నారా?" అని అడిగేవాళ్ళు. నాకా గొంతంటే ప్రాణం. ఆయనకు మాత్రం అది పుట్టుకతో వచ్చిన అవిటితనం. కుర్రతనంలో ఆయనా, మాస్టారూ, పాత టైర్లకు కొత్త పళ్ళు వేసే దుకాణం నడిపే ఇంకొకతనూ కలిసి ఒక బ్యాండు పెట్టారు. మాస్టారు గిటారు. టైర్ల ఆయన డ్రమ్ములు, ఆయన్ని అందరం టైరు అనే అంటాం. మా ఆయన గొంతు చించుకోవాలి. ఎంత చించుకున్నా, బుద్ధిమంతుడైన పిల్లవాడు అలిగినట్టుండేదట. కొన్నాళ్ళు చూసి, నువ్వు పాడకురా, వినిపెట్టు, నీకున్న చెవి ఎవరికీ లేదు అని మిగతా ఇద్దరూ మెత్తగా చెప్పారు. మెత్తగా చెప్పినా దెబ్బ దెబ్బే. ఆ రోజు నుంచీ ఆయన పాడటం మానేసి అభిప్రాయాలు చెప్పడం మొదలుపెట్టాడు.

అబ్బో, ఆ అభిప్రాయాలు. రికార్డింగు శుభ్రంగా ఉంటే అనుమానం, డబ్బున్నవాడెవడో వెనకున్నాడని. మురికిగా ఉంటే ఇంకా అనుమానం, కావాలని మసి పూశారని. డ్రమ్ములు మరీ సమంగా పడితే మనిషి కాదు, మిషను. తప్పితే తాగి వాయించారు. బ్యాండు చొక్కాలు బజారులో అమ్మితే ఇక వాళ్ళ మొహం చూడడు. అన్నిటికంటే ఆయనకు పడనిది ఒకటుంది. ఈ పాటల్లో గర్జించేవాళ్ళు కడుపులోంచి ఊపిరి బయటికి తోస్తూ గర్జించాలి. అది కష్టం, నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది. కొందరు అలా చేతగాక గాలి లోపలికి పీలుస్తూ గురగురమనిపిస్తారు. దానికి ఆయన పెట్టిన పేరు దొంగగొంతు. ఎంత గోలలో ఉన్నా దొంగగొంతును పట్టేస్తాడు. బయటికొచ్చే ఊపిరికీ లోపలికెళ్ళే ఊపిరికీ తేడా తెలియనివాడు ఈ సంగీతం వినడం దండగ అని, వద్దన్నా వినకుండా నాకు పాఠాలు చెప్పేవాడు. కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టేదాన్ని.

ఆదివారం మధ్యాహ్నాలు ముగ్గురూ మా ఆయన కాటాల వర్క్‌షాపులో చేరేవాళ్ళు. ఆ గదిలో మూలంతా విప్పిన కాటాలు, తూకపు పళ్ళేలు, స్ప్రింగులు. ఒక గోడ మాత్రం ఖాళీగా ఉంటుంది. ముగ్గురూ స్టూళ్ళు వేసుకుని ఆ గోడకేసి తిరిగి కూర్చుంటారు. ఒకరు కొత్తది తెచ్చి వెనక నుంచి పెట్టాలి. ఎవరిదో, ఎక్కడిదో చెప్పకూడదు, అట్ట చూపించకూడదు. పేరు వింటే చెవి లొంగిపోతుంది, పక్కవాడి మొహం చూస్తే అభిప్రాయం లొంగిపోతుంది, అందుకని గోడ. అయ్యాక వరసగా చెప్పాలి. మా ఆయనది చివరి మాట. నోరుజారినా సరే, అన్న అభిప్రాయం వెనక్కి తీసుకోకూడదు. పేరు చెప్పేది ఆ తర్వాతే. ముగ్గురు పెద్దమనుషులు శిక్ష పడ్డ పిల్లల్లా గోడ చూస్తూ కూర్చోవడం నేను టీ పట్టుకెళ్ళి మొదటిసారి చూసినప్పుడు, వీళ్ళకు చెవి కాదు, బుర్ర చూపించాలనుకున్నాను. కానీ ఎవరినీ నమ్మని మనిషి వారానికొకసారి వీపు చూపించి కూర్చుంటున్నాడంటే ఆ ఇద్దరినీ ఎంత నమ్మాడో అని తర్వాత తర్వాత అర్థమైంది. కొంచెం కుళ్ళుగా కూడా అనిపించింది.

ఇలా ఉండగా మా ఆయన గొంతు బొంగురుపోయింది.

జలుబనుకున్నాం. జలుబు తగ్గింది, బొంగురు తగ్గలేదు. ఇంకెవరింట్లోనైనా రెండోవారమే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో ఏం జరిగిందో చూడండి. ఆదివారం ఏదో వింటూ మా ఆయన ఆవేశంలో నాలుగు కేకలు వేశాడట. టైరు చేతిలో టీగ్లాసు అలాగే ఆగిపోయిందట. మాస్టారు నియమం కూడా మరిచిపోయి గోడ నుంచి ఇటు తిరిగాడట. ఆ సాయంత్రం టైరు మా ఇంటికొచ్చి, "వదినా, అన్నయ్య గొంతు పండింది. ఇన్నేళ్ళకు పండింది," అన్నాడు, మామిడిచెట్టు కాయ గురించి చెప్పినట్టు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. మా ఆయన వెనక నిలబడి కొత్తబట్టలు తొడిగిన పిల్లాడిలా నేల చూస్తున్నాడు. అంత సంతోషంగా ఆ మొహాన్ని నేను పెళ్ళిలో కూడా చూడలేదు.

బ్యాండు మళ్ళీ మొదలైంది. వర్క్‌షాపు మూలలోని కాటాలు కొన్ని పక్కకు జరిపి డ్రమ్ములు పెట్టారు. వేరే ఊళ్ళో క్యాసెట్లు అచ్చువేసే ఎవరో మనిషికి చిన్న ముక్క పంపితే, ఇలాంటి గొంతు ఈమధ్య వినలేదు, మొత్తం పంపండి అన్నాడట. బళ్ళకు సెలవులివ్వగానే రికార్డింగు అనుకున్నారు. ఏ కొత్తగొంతు విన్నా వంద వంకలు పెట్టే మనిషి, తన గొంతు ఒక్క నెలలో ఎలా మారిందని ఒక్కసారి కూడా అనుమానపడలేదు. లోకంలో అన్ని కాటాలూ తప్పే, తనకు ఎక్కువ తూచే కాటా ఒక్కటే కరెక్టు.

అనుమానపడే పని నా నెత్తిన పడింది. ఆయన తినేటప్పుడు ప్రతి ముద్దకూ నీళ్ళు తాగుతున్నాడు. గట్టిగా ఉన్నవి పళ్ళెం పక్కకు నెట్టి, ఆకలి లేదంటున్నాడు. మెట్లెక్కి వచ్చాక మాట్లాడటానికి కాసేపు ఆగుతున్నాడు. జేబుల్లో గొంతు బిళ్ళల కాగితాలు దొరికాయి, ఒక పూటకు ఎవరూ తినలేనన్ని. అడిగితే, వర్క్‌షాపులో దుమ్మన్నాడు. సరే, దుమ్మే అనుకున్నాను. ఆ తర్వాత చేతిరుమాలు దొరికింది. మధ్యలో గోధుమరంగు మరక. ఏమిటిదని అడిగితే చూడను కూడా చూడకుండా, తుప్పు, గుండ్లు తుడిచాను అన్నాడు.

ఇత్తడికి తుప్పు పట్టదు. అది ఆయన పని కాబట్టి ఆయనకు నాకంటే బాగా తెలుసు. తుప్పు మరక చన్నీళ్ళకు కదలదు. అది నా పని కాబట్టి నాకు తెలుసు. కుళాయి కింద రుమాలు పెట్టాను. చల్లటి నీళ్ళు పడగానే మరక పలచబడి, అంచుల నుంచి కరిగి, నా వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా కారిపోయింది. రుమాలు తెల్లగా మిగిలింది. ఏ మరకైనా పోతే సంతోషించేదాన్ని, ఆ రోజు కుళాయి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఆ రోజు మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. ఆయన చెవిన వేసుకోలేదు. పైగా నన్నే అనుమానించాడు. నీకు ఈ పాటలంటే మొదటినుంచీ గిట్టదు, నా గొంతు బాగుపడగానే నీకు అది రోగంలా కనిపిస్తోంది అన్నాడు. ఆ మాట పడ్డాను. చివరికి ఎలాగో ఒప్పించి గొంతు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే, గుమ్మం దగ్గర నర్సు ఆయన్ని బరువు తూచే మిషను ఎక్కించింది. ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. మిషను తప్పు చూపిస్తోందన్నాడు. మనిషిని తూచడమే రానివాళ్ళు గొంతులో ఏం చూస్తారని, చెప్పులేసుకుని వచ్చేశాడు. నేను ఆ వరండాలో తలకొట్టేసినట్టు నిలబడ్డాను. ఆయన తగ్గిన బరువు మిషను సరిగ్గానే చూపించిందని నాకు తెలుసు. చొక్కాలు వదులయ్యాయిగా.

ఎలాగూ వచ్చానని నేనే లోపలికెళ్ళి డాక్టరమ్మకు అంతా చెప్పాను. మనిషిని చూడకుండా తానేం చెప్పలేనంది. ఒక్కటే అడిగింది, ఊపిరిలో చప్పుడు ఉందా, ఉంటే వదిలేటప్పుడా, పీల్చేటప్పుడా అని. గమనించలేదన్నాను. పీల్చేటప్పుడైతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు, ఎలాగైనా తీసుకురండి అంది.

ఆదివారం భోజనమయ్యాక ఆయన కాసేపు నడుం వాల్చడం అలవాటు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఊపిరి బయటికి వచ్చేటప్పుడు మామూలుగా, మెత్తగా వస్తోంది. లోపలికి వెళ్ళేటప్పుడే, ఇరుకు సందులోంచి బరువైన బల్ల ఈడ్చినట్టు చప్పుడు. కూరగాయలు తరుగుతూ ఊఁ కొట్టిన పాఠాలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. దొంగగొంతు. ఈ మనిషి భార్యను నమ్మడు, డాక్టరును నమ్మడు, బరువు మిషనును నమ్మడు. తన చెవిని నమ్ముతాడు, అదీ గోడకేసి తిరిగి ఉన్నప్పుడే. నేను ఫోను తీసి ఆయన తలగడ పక్కన పెట్టాను.

ఆ మధ్యాహ్నమే టీతోపాటు వర్క్‌షాపుకు వెళ్ళి, ఇవాళ నేనొకటి తెచ్చానన్నాను. ముగ్గురూ నన్ను ఎగాదిగా చూశారు. టైరు నవ్వాడు. ఇన్నేళ్ళకు వదిన దారిలోకొచ్చిందన్నాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. నీకెక్కడిది, ఎవరిచ్చారు అని ఆరా తీశాడు. పేరు చెప్పకూడదుగా, మీ నియమమేగా అన్నాను. ముగ్గురూ స్టూళ్ళు తిప్పుకున్నారు. ఫోనుకు వాళ్ళ పెద్ద స్పీకర్ల తీగ తగిలించి వినిపించాను. వాళ్ళ వీపులు నావైపు ఉండటం మంచిదైంది, లేకపోతే నా మొహమే ముందు చెప్పేసేది.

ఆ పెద్ద స్పీకర్లలో అది ఇల్లంత అయ్యింది. ఈడ్చుకుంటూ లోపలికి, మెత్తగా బయటికి. మళ్ళీ ఈడ్చుకుంటూ లోపలికి. ఒక్కోచోట ఆగి, అడ్డమేదో తప్పుకున్నాక మళ్ళీ సాగింది. విప్పిన తూకపు పళ్ళేలు మూలలో సన్నగా మోగాయి. కొంతసేపు వినిపించి, వినిపించాల్సింది ఇంకా కొంచెం ఉండగానే ఆపాను.

టైరు మొదలుపెట్టాడు. చాలా నెమ్మది రకమని, డ్రమ్ములు లేకుండా ఇంత బరువు తేవడం ఆషామాషీ కాదని, తానైతే ఫలానాచోట ఒక్క దెబ్బ వేసేవాడినని చెప్పాడు. మాస్టారు ఇంకొంచెం ముందుకెళ్ళాడు. ఒకే ముక్కను మిషనులో పదేపదే తిప్పారేమో అనుకున్నాడట, కానీ ఏ రెండు ముక్కలూ ఒక్కలా లేవు కాబట్టి మనిషేనట, ఆగిన చోట్లు గొప్పగా ఉన్నాయట. వింటుంటే నాకు ఇద్దరి నెత్తినా ఆ టీ పళ్ళెం బోర్లించాలనిపించింది.

మా ఆయన వంతు వచ్చింది. వీపు కదలకుండా కూర్చున్నాడు. తర్వాత ఆ కొత్త బొంగురు గొంతుతో అన్నాడు.

"ఇది పాట కాదు."

టైరు ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపాడు.

"చప్పుడు లోపలికి పీల్చేటప్పుడు వస్తోంది. దొంగగొంతు అందామంటే, దొంగగొంతు తీసేవాడు రెండు పీల్పులకు ఒకసారి గుటక వేస్తాడు. వీడు వెయ్యట్లేదు. పైగా వెనక ఫ్యాను తిరుగుతోంది. ఎవరిదో ఇల్లు. వీడు పాడట్లేదు, వీడికి రికార్డు చేస్తున్నారనే తెలీదు. గాలి వెళ్ళడానికి దారి లేక వస్తున్న చప్పుడు అది. ఆగిన చోట గొప్పగా ఉందంటావేంటి మాస్టారూ, అక్కడ వాడికి ఊపిరందట్లేదు." కొంచెం దగ్గి, మళ్ళీ అన్నాడు. "ఎవరి దగ్గర్నుంచి తెచ్చావోగానీ, వాణ్ని ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళమను. ఇవాళే. వినేవాళ్ళకు బుద్ధుండక్కర్లా."

"ఇదే మీ అభిప్రాయమా?" అన్నాను.

"ఇదే."

"మార్చుకోరుగా?"

"మార్చేది లేదు. ఎవరు వాడు?"

నేను పేరు చెప్పలేదు. ఆపిన చోటు నుంచి మళ్ళీ వినిపించాను. రెండు ఊపిరులు ఈడ్చుకుంటూ వెళ్ళాయి. తర్వాత గాజుల చప్పుడు, ఆ తర్వాత ఆ పెద్ద స్పీకర్లలో నా గొంతు, గదంతా నిండిపోయేలా. "ఏమండీ, లేవండి. టైమైంది, వాళ్ళిద్దరూ వచ్చేస్తారు."

ముగ్గురిలో ఎవరూ ఇటు తిరగలేదు. టైరు తల వంచుకున్నాడు. మాస్టారు భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నాడని తెలిసింది. మా ఆయన గోడ వంకే చూస్తూ కూర్చున్నాడు. ఒక చెయ్యి మాత్రం మెల్లగా లేచి గొంతు మీద ఆగింది. కాటా తప్పని తేలినప్పుడు దుకాణదార్లు ఒక నవ్వు నవ్వుతారు, ఏదో సాకు వెతుక్కుంటూ. ఆయన అలాంటి సాకు ఏదైనా చెబుతాడేమోనని నేను భయపడ్డాను. చెప్పలేదు.

"ఆదివారం ఆస్పత్రి తీసి ఉంటుందా?" అని అడిగాడు.

గొంతుపెట్టెలో గడ్డ. ఇంకా ఆలస్యమైతే మొత్తం తీసేయాల్సి వచ్చేదని, ఇప్పుడు ఒకవైపు తీస్తే సరిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. గొంతు పాతలా రాదనీ చెప్పింది. కొత్తలా కూడా ఉండదన్నమాట. ఆ మాట విన్నాక ఆయన మొహంలో ఏం కనిపించిందో నేను వర్ణించలేను. జీవితమంతా కోరుకున్నది చేతికొచ్చి, అది రోగమని తేలితే మనిషి ఎవరితో చెప్పుకుంటాడు? ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుని, ఒకందుకు నయం, అంత గొప్ప గొంతు నాకెలా వస్తుందని నేను ముందే అనుమానపడాల్సింది అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

ఇప్పుడు ఆయనది గాలిలాంటి గొంతు. నాకు ప్రాణమైన ఆ పట్టుగుడ్డ గొంతూ లేదు, వాళ్ళకు కన్నీళ్ళు తెప్పించిన గర్జనా లేదు. ఫోనెత్తితే అవతలివాళ్ళు లైను బాగాలేదనుకుంటారు. సాధన చేసేటప్పుడు రికార్డు చేసుకున్న ముక్కలు మాస్టారు దగ్గర కొన్ని మిగిలాయి. వాటినే క్యాసెట్టుగా వేయిద్దామా అని ఒకరోజు భయంభయంగా అడిగాడు. వాటి గురించి నా అభిప్రాయం ఎవరూ అడగలేదుగానీ, దొంగచాటుగా నేనొకసారి విన్నాను. బాగున్నాయి. ఈ మాట నేను అంటానని నేనే అనుకోలేదు. మా ఆయన వాటిని గోడకేసి తిరిగి మొత్తం విని, చెరిపేయమన్నాడు. "అది నా గొంతు కాదు, గడ్డ గొంతు. అది నన్ను చంపబోయింది. దాని చేత పాడించి నా పేరు వేసుకోను," అన్నాడు. మాస్టారు చెరిపేశాడనే చెప్పాడు. నాకైతే అనుమానమే. మా ఆయనకూ అనుమానమే అనుకుంటాను, కానీ అడగలేదు. ఇంత వయసొచ్చాక ఒక్క విషయం ఆరా తీయకుండా వదిలేశాడు.

ఆదివారాలు మామూలే. ఇప్పుడు గోడకేసి నాలుగు స్టూళ్ళు. పాటలు నాకు ఇప్పటికీ తలనొప్పే, కానీ దొంగగొంతు మాత్రం తమ ఇద్దరికంటే ముందు నేనే పట్టేస్తానని టైరు గొణుగుతుంటాడు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ బాగున్నాయంటుంది. కాగితం మీద అలాగే రాసిస్తుంది. కాగితాలను నేనెప్పుడు నమ్మాను గనక. మొన్న ఆదివారం భోజనమయ్యాక ఆయన నడుం వాల్చాడు. ఎప్పటిలా తలుపు దగ్గర నిలబడి ఊపిరి బిగబట్టి విన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"ఏం వినిపించింది?"

"ఏమీ వినిపించలేదండీ. ఫ్యాను ఒక్కటే."

అటు గోడవైపు తిరిగి పడుకుని, ఆ గాలి గొంతుతో, "సరిగ్గా విన్నావా? మళ్ళీ విను," అన్నాడు.

నేను మళ్ళీ విన్నాను.